బట్టీ తలుపు తొందరపడి తీయకు బుజ్జీ

బాలానగర్, హైదరాబాద్

చిరంజీవి బుజ్జికి,

మావయ్య ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. మీ అత్తకి మోకాళ్ళ నొప్పులు కాస్త తగ్గాయి.

మొన్న ఆదివారం మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు గోవాలో ఫెనీ, అదే జీడిమామిడి పళ్ళ సారా, కాచే ఒక చిన్న యూనిట్ వాళ్ళకి సీసాల మీద బొమ్మలు వేసిపెడతానని ఒప్పుకున్నావట. మూడొందల సీసాలట. అన్నీ నీ చేత్తోనే వేస్తావట. ఖాళీ సీసా తిరిగి తెచ్చిస్తే కడిగి మళ్ళీ నింపుతారట. అలా తిరిగొచ్చిన ప్రతిసారీ సీసా అడుగు అంచున నువ్వొక చుక్క పెడతావట. తొమ్మిది చుక్కలు అయ్యాక వాటిని కలిపి ముగ్గు వేస్తావట. మీ అమ్మ ఇదంతా నీ మీద ఫిర్యాదు చేస్తున్నట్టు చెప్పుకుపోతోంది. నాకు మాత్రం ఆ చుక్కల మాట దగ్గర గొంతు పట్టేసింది. ముప్పై ఏళ్ళు సీసాల మీద రంగు వేసిన మనిషిని, ఒక్కనాడు కూడా నాకీ ఆలోచన రాలేదు.

ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు. సంతోషం ఎంతుందో భయం కూడా అంతే ఉంది. ఫోన్లో చెబితే "సరే మావయ్యా, సరే" అంటూ ఇంకో పని చూసుకుంటావు. అందుకని కాగితం మీద రాస్తున్నాను. కూర్చుని చదువు.

ముందు మీ అమ్మ బాధ. దాన్ని కొట్టిపారెయ్యకు. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మూయించాక నెల్లూరు జిల్లాలో ఊరూరా అదే నడిచింది. మన ఊళ్ళో దుకాణం ముందు చీపురు పట్టుకుని కూర్చున్న వాళ్ళలో మీ అమ్మమ్మ ఒకతె. ఇంటి దగ్గర వంట మీ అమ్మే చూసుకుంది. అప్పట్లో సారా పాలిథిన్ ప్యాకెట్లలో వచ్చేది. మీ తాతయ్య చొక్కా ఉతికే ముందు జేబులో ప్యాకెట్ ఉందేమోనని వెతికేది మీ అమ్మ. 1993 అక్టోబరులో సారా నిషేధం అమల్లోకి వచ్చిన రోజు మా ఇంట్లో పాయసం వండారు. ఆ ఇంట్లో పెరిగిన మనిషికి కూతురు మందు సీసా మీద బొమ్మ వేస్తానంటే గుండె జారదా?

నేను వద్దనను. జీడిమామిడి పళ్ళు తొక్కి, ఆ రసం పులియబెట్టి, రాగి కుండలో కాచే పని అక్కడ తరతరాలుగా ఉంది. 2009లో ఫెనీకి జీఐ గుర్తింపు, అంటే అది ఆ ప్రాంతపు సరుకే అన్న ముద్ర, వచ్చింది. 2016లో గోవా ప్రభుత్వం దాన్ని తమ వారసత్వ పానీయంగా ప్రకటించింది. పొరుగు ఊరి వాళ్ళ బతుకుతెరువుని మన ఇంటి గాయంతో కొలవకూడదని నాకు తెలుసు. కానీ ఆ మాట మీ అమ్మకి నువ్వే దగ్గర కూర్చుని చెప్పాలి, నాతో చెప్పించకు. ఇంకొకటి, పిల్లలకి ముచ్చటేసే బొమ్మలు ఆ సీసా మీద వెయ్యకు. చిలకలూ, ఏనుగులూ, నవ్వే మొహాలూ వద్దు. ఇంట్లో చిన్నపిల్లాడి చెయ్యి రంగు సీసా మీదికే పోతుంది. అందులో ఉండేది దాదాపు 43 శాతం స్పిరిట్.

ఇక పని. సీసా బాగా కడుగు, ఆరాక స్పిరిట్ తో తుడువు, వేలిముద్ర పడనీయకు. కుంచెల దగ్గర పిసినారితనం చెయ్యకు. సగం డబ్బు ముందే తీసుకో. ఇవన్నీ నీకు తెలిసినవే.

తెలియనిది రంగు సంగతి. నువ్వు తెప్పించిన రంగుల ఫోటో మీ అమ్మ వాట్సాప్ లో పంపింది. చూసి నాకు కోపం వచ్చింది బుజ్జీ. అవి వంటింటి ఓవెన్ లో 150, 160 డిగ్రీల దగ్గర అరగంట ఉంచితే గట్టిపడే రంగులు. పుట్టినరోజు కానుకలకి బాగుంటాయి. తిరిగొచ్చే సీసాకి పనికిరావు. సీసాలు కడిగేచోట 60, 70 డిగ్రీల వేడినీళ్ళలో రెండు మూడు శాతం కాస్టిక్ సోడా కలుపుతారు. ఆ తొట్టిలో నాలుగు సార్లు ముంచితే నీ పువ్వులన్నీ పొట్టులా లేచిపోతాయి. అంతదాకా అక్కర్లేదు, గ్లాసులోకి ఒంపినప్పుడల్లా సీసా మెడ మీదుగా ఒక చుక్క కారుతుందే, ఆ స్పిరిట్ చాలు అలాంటి రంగుని మెత్తబరచడానికి. ఏటికొప్పాక బొమ్మల మెరుపు చూసి పైన లక్క పూత వేద్దామని కూడా అనుకోకు. వడ్రంగి పాలిష్ చేసేటప్పుడు లక్కని కరిగించేది స్పిరిట్ లోనే.

నీకు కావలసింది గాజుపొడి కలిసిన రంగు, ఎనామెల్ అంటారు. పైన్ ఆయిల్ తో నూరి, కుంచెతో వేసి, బట్టీలో పెడితే అది గాజులోకి కలిసిపోతుంది. ఆ తర్వాత అది పూత కాదు, సీసాలో భాగం. నేను 1984లో ఈ ఊరొచ్చి చేరింది అలాంటి పనిలోనే. కూల్ డ్రింకు సీసాల మీద స్క్రీన్ తో అక్షరాలు అచ్చు వేసి కాల్చేవాళ్ళం. అవి దుకాణానికి పోయి, తాగేసి, ట్రేలలో వెనక్కి వచ్చి, కాస్టిక్ లో మునిగి, మళ్ళీ నిండి బయల్దేరేవి. ఏళ్ళ తరబడి తిరిగేవి. ఒకసారి మీ అత్తతో విజయవాడ స్టేషన్ లో కూల్ డ్రింకు తాగుతుంటే సీసా మీద అచ్చు కాస్త వంకరగా ఉంది. ఆ వంకర నాది. స్క్రీన్ జరిగిన రోజు నాకు గుర్తుంది. ఐదేళ్ళ తర్వాత ఎక్కడో తిరిగి తిరిగి నా చేతికే వచ్చింది. మీ అత్త నమ్మలేదనుకో.

ఆ పాత సీసాలు నీకూ గుర్తుండాలి. భుజం దగ్గర ఒకటి, అడుగు దగ్గర ఒకటి, తెల్లగా గరుకుగా రెండు పట్టీలు ఉండేవి. ట్రేలో పక్క సీసాతో రాసుకునేది ఆ రెండు చోట్లే. నువ్వు చుక్కలు పెడతానన్నది సరిగ్గా అడుగు అంచునేనట. అక్కడ పెట్టకు. రెండేళ్ళలో అరిగిపోతాయి. బొమ్మంతా ఆ రెండు పట్టీల మధ్యలోనే ఉండాలి. చుక్కలకి మెడ బాగుంటుంది. కానీ మూతి నుంచి కిందికి 20 మిల్లీమీటర్ల దాకా ఏ రంగూ వద్దు. పెదవి తగిలే చోటది. కొందరు గ్లాసు వెతుక్కోకుండా సీసా ఎత్తేస్తారు.

రంగులో సీసం ఉందా, కాడ్మియం ఉందా అని అమ్మేవాణ్ణి నోటితో అడిగి ఊరుకోకు, టెస్ట్ రిపోర్ట్ తెప్పించుకో. ముఖ్యంగా ఎరుపు, నారింజ, పసుపు. మిరపపండు ఎరుపు కోసం ఆశపడతావు, నాకు తెలుసు, చిన్నప్పుడు కూడా నీ డబ్బాలో ముందు అయిపోయేది ఎరుపే. గోవాలో పాత ఇళ్ళ గోడల మీద, గుళ్ళలో కావి బొమ్మలు ఉంటాయి. తెల్ల సున్నం మీద ఎర్రమన్ను రంగు. మనం కావి రంగు అంటామే, అదే మాట. ఇటుక ఎరుపు, ఇనుము నుంచి వచ్చే ఎరుపు, కాడ్మియం అక్కర్లేని ఎరుపు. మన కాళహస్తి కలంకారీ తీగలు అక్కడి సీసా మీదికి మోసుకెళ్ళకుండా ఆ గోడల ముందు నాలుగు రోజులు కూర్చో. నీ ఎరుపు నీకు దొరుకుతుంది.

కాల్చిన ముక్క ఒకటి తెల్ల వెనిగర్ లో ఒక పగలూ ఒక రాత్రీ నానబెట్టి చూడు. రంగు వెలిసినా, మెరుపు పోయి సుద్దలా అయినా అది సరిగా కాలలేదన్నట్టే. ఫెనీలో నిమ్మకాయ పిండుకుని తాగుతారు కదా, పులుపు తగలని సీసా ఉండదు. ఈ వెనిగర్ పరీక్ష నీ కళ్ళకోసం, రిపోర్టుకి బదులు కాదు.

సీసాలు కొనేటప్పుడు ఇంకో చిక్కుంది. ఫ్యాక్టరీలో కొత్త సీసాలు ఒకదానికొకటి గీసుకోకుండా కంటికి కనిపించని మైనం లాంటి పూత చల్లుతారు. దాని మీద రంగు నిలవదు, చేపకళ్ళలా విచ్చుకుంటుంది. రంగు వెయ్యడానికి, ఆ పూత లేనివి ఇవ్వండని ముందే అడుగు. వాళ్ళకి అర్థమవుతుంది.

ఇప్పుడు నేను అసలు ఈ ఉత్తరం ఎందుకు రాస్తున్నానో చెప్తాను. ఇది మీ అమ్మకి కూడా పూర్తిగా తెలియదు.

1999లో జరిగింది. నువ్వు ఏడాది పిల్లవి. నేను ఉద్యోగం మానేసి ఈ షెడ్డు పెట్టి మూడేళ్ళు. నన్నారి షర్బత్ చేసే ఒకాయన నాలుగొందల ఇరవై సీసాలకి ఆర్డర్ ఇచ్చాడు. అచ్చం నీ పనిలాంటిదే. చేత్తో వేసిన ఆకులు, తీగలు, ఖాళీ సీసా వెనక్కి తీసుకుని మళ్ళీ నింపడం. నా పేరు మీద వచ్చిన మొదటి పెద్ద పని అది. ఎండలు ముదరక ముందే ఇచ్చెయ్యాలి. నా బట్టీలో ఒక్కసారికి అరవై సీసాలు పట్టేవి. ఆరు వాయిలు చక్కగా దిగాయి. చివరి వాయి మిగిలింది. పొద్దున్నే ఎనిమిదింటికి వ్యాన్ వస్తానంది. ఆ రాత్రి కరెంట్ పోయింది. తొమ్మిదికి పోయింది రెండుకి వచ్చింది. మళ్ళీ మొదటి నుంచి వేడెక్కించుకుంటూ వచ్చాను.

తెల్లారేసరికి 580 డిగ్రీలు అందుకుంది. రంగు కరగడానికి ఉంచవలసినంత సేపూ ఉంచాను. అక్కడిదాకా తప్పులేదు. దించడంలోనే ఉంది. గాజుని 550 నుంచి 450 దాకా ముసలివాళ్ళని మెట్లు దింపినట్టు దించాలి. గబగబా చల్లారిస్తే పైపొర ముందు బిగుసుకుంటుంది. లోపలి పొర ఆ తర్వాత కుంచించుకోబోతుంది, కానీ పైపొర కదలనివ్వదు. ఆ గుంజులాట గాజులోనే ఉండిపోతుంది. బయటికి ఏమీ కనిపించదు. ఇదంతా నాకు తెలుసు. పన్నెండేళ్ళు ఫ్యాక్టరీలో చూశాను. తెలిసి కూడా మీటరు 540 చూపిస్తుండగా బట్టీ తలుపు నాలుగు వేళ్ళంత తెరిచి, మధ్యలో ఇటుక ముక్క పెట్టాను.

లోపలి నుంచి టింగ్ టింగ్ మని రెండు శబ్దాలు వచ్చాయి. రెండు సీసాలు పోయాయి. మిగతా యాభై ఎనిమిదీ ఒక్కొక్కటే దీపం ముందు పెట్టి చూశాను. గీత లేదు. రంగు అద్దంలా ఉంది. గడ్డిలో చుట్టి వ్యాన్ ఎక్కించి, టీ తాగి పడుకున్నాను. హాయిగా నిద్రపోయాను కూడా. ఆ నిద్ర తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

జూన్ లో ఫోన్ వచ్చింది. సీసాలు కడిగే ఆవిడ ఒకరు వేడినీళ్ళ తొట్టిలోంచి సీసా పైకి తీసి బ్రష్ పెట్టబోతుంటే అది చేతిలోనే విచ్చుకుపోయిందట. దేనికీ తగల్లేదు, కింద పడలేదు. కుడి అరచేతిలో బొటనవేలి కింద లోతుగా దిగింది, నరం తెగింది. రాత్రి బస్సెక్కి వెళ్ళాను. ఆవిడకి అప్పుడు ముప్పై ఉంటాయేమో. చేతికి కట్టుతో గుమ్మంలో కూర్చుని ఉంది. పక్కన చిన్నపిల్ల, ఇంచుమించు నీ వయసే. నేనెవరో చెప్తే ఆవిడ "బొమ్మలు మీరే వేశారా బాబూ, ఎంత బాగుంటాయో, కడిగేటప్పుడు చూసుకుంటూ కడుగుతాను" అంది. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

ముక్కలు ఏరి తెచ్చాను. చివరి వాయి సీసాల మీద ఆకు ఈనెలు కొంచెం లావుగా వచ్చాయి, ఆ రాత్రి కుంచె మార్చాను. ముక్క మీద ఈనె లావుగానే ఉంది. నా పాత ఫ్యాక్టరీలో తనిఖీ చేసే పెద్దాయన ఒకరు, ఆ వాయిలో దుకాణంలో మిగిలిన సీసాలు తెమ్మని, వాటిని గాజులోని గుంజులాట కంటికి కనిపించేలా చేసే తన పెట్టెలో పెట్టి చూపించాడు. భుజం దగ్గర, అడుగు దగ్గర రంగురంగుల చారలు. మంచి సీసా అయితే బూడిద రంగులో మౌనంగా ఉంటుంది. తిరిగి సంపాదించగలిగినవి నలభై ఒకటి. వాటిని గోనెసంచిలో వేసి షెడ్డు వెనక సుత్తితో కొట్టాను. మిగతా పదహారూ ఎవరి ఇళ్ళలో ఉన్నాయో, ఏమయ్యాయో ఇప్పటికీ తెలియదు. ఎవరి చేతిలోనైనా విరిగి ఉంటే నాకు కబురు కూడా వచ్చి ఉండదు.

వైద్యం ఖర్చు పెట్టుకున్నాను. తర్వాత కూడా కొన్నాళ్ళు ఎంతో కొంత పంపాను. కానీ ఆవిడ బొటనవేలు సరిగా వంగదు. ముద్ద కలుపుకోవడానికి ఇబ్బంది. ప్రతి ఉగాదికీ ఫోన్ చేస్తాను. ఆ చిన్నపిల్లకి పెళ్ళయి ఇద్దరు పిల్లలట. ఒక తొందరపాటు ఇటుక ముక్క, రెండు గంటలు ఓపిక పట్టలేకపోవడం, అంతే బుజ్జీ.

ఇప్పుడర్థమైందా నీ చుక్కల మాటకి నాకు నిద్ర ఎందుకు పోయిందో? మామూలు వాళ్ళ సీసా ఒక్కసారే బట్టీలోకి వెళుతుంది. నీ సీసా చుక్క కోసం మళ్ళీ మళ్ళీ వెళ్ళాలి. ఆ తలుపు గండం ప్రతి చుక్కకీ ఉంటుంది. పైగా అప్పటికి సీసా కొత్తది కాదు, అక్కడక్కడ గీతలు పడి, దెబ్బలు తిని ఉంటుంది. చుక్కలు మానెయ్యమని చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. అందుకని ఇలా చెయ్యి. వచ్చిన సీసాకి వచ్చినట్టు చుక్క పెట్టకు, బట్టీ నిండేదాకా పోగుచెయ్యి. మూతి చిట్లినదీ, నఖం తగిలేంత గీత ఉన్నదీ పక్కన పెట్టు. మిగిలినవి పూర్తిగా ఆరాకే లోపల పెట్టు.

నువ్వు కుండల స్టూడియోలో బట్టీ అద్దెకి తీసుకుంటావని విన్నాను. అది మట్టి కోసం కట్టింది, వెయ్యి డిగ్రీలు దాటే బట్టీ. 580 దగ్గర దాని మీటరు నిజం చెబుతుందో లేదో ముందు పాత సీసాలతో రెండు మూడుసార్లు చూసుకో. 600 దాటితే పొడుగు సీసా నడుము వంగుతుంది. మొదట్లో గంటకి 120 డిగ్రీల చొప్పున మెల్లగా ఎక్కించు. 400 దాకా పైరంధ్రం తెరిచి ఉంచు, నూనె పొగ పోవాలి, లేకపోతే రంగు మసకబారుతుంది. ఆ పొగ నువ్వు పీల్చకు, కిటికీలు తెరువు. తర్వాత మూసెయ్యి. పైన 580 దగ్గర పావుగంట, ఇరవై నిమిషాలు, రంగు డబ్బా మీద ఏది రాస్తే అది. దిగేటప్పుడు 540 దగ్గర అరగంట ఆపు. అక్కడి నుంచి 450 దాకా గంటకి 60 డిగ్రీలు, అంతకంటే తొందర వద్దు. ఆ తర్వాత స్విచ్ ఆపేసి ఇంటికి వెళ్ళిపో. నిజంగా చెప్తున్నాను, అక్కడ ఉండకు. ఉంటే చెయ్యి తలుపు మీదికి పోతుంది. మర్నాడు పొద్దున వచ్చి తీసుకో.

పెద్దాయన పెట్టె నీ దగ్గర లేకపోయినా పర్వాలేదు. నీ లాప్ టాప్ తెర తెల్లగా వెలిగించు. పోలరాయిడ్ చలవ కళ్ళద్దాలు ఒకటి తీసుకుని తెర ముందు తిప్పు, ఒక కోణంలో తెర నల్లబడుతుంది. అలాగే పట్టుకుని, తెరకీ అద్దానికీ మధ్య సీసా పెట్టి చూడు. వెలుగు మచ్చలూ రంగు చారలూ కనిపిస్తే ఆ సీసా గుంజుకుని ఉందన్నమాట. పనిలో పెట్టకు. ఏ ఒక్కదాన్నీ చూడకుండా పంపకు, మూడొందలయితే మూడొందలూ.

దీనికి సీసా మీద రంగు లేని చోటు ఉండాలి కదా. అది ఎలాగూ ఉండాలి. బొమ్మ సీసా చుట్టూ నింపెయ్యకు. ఎదురెదురుగా రెండు చోట్ల నిలువుగా రెండేసి వేళ్ళ వెడల్పు గాజు ఖాళీగా వదులు. కడిగే మనిషి సీసాని వెలుగుకి పట్టి లోపల మురికి పోయిందో లేదో చూసేది ఆ సందులోంచే. కొనేవాడి కంటి కోసం బొమ్మ వేసేవాళ్ళు చాలామంది ఉన్నారు, నువ్వు ఆ ఆడమనిషి కంటి కోసం కూడా వెయ్యి. పట్టుకునే చోట ఉబ్బెత్తు చుక్కలు, గరుకు గీతలు లేకుండా చూడు. తడిచేతికి సీసా జారకూడదు, కోసుకోకూడదు. మూతి బ్రష్ పట్టేంత వెడల్పుందో లేదో చూసి సీసా ఎంచు.

నాకు ఇంకో భయం ఉంది. మన ఊళ్ళల్లో ఖాళీ మందు సీసాలో కిరసనాయిలు పోసుకుంటారు, ఫినాయిల్ పోసుకుంటారు, పొలంలో పురుగుల మందు కూడా పోసుకుంటారు. అక్కడ పొయ్యరని ఎలా చెప్పగలవు? తిరిగొచ్చిన ప్రతి సీసానీ కడగక ముందే మూత తీసి దూరం నుంచి చూడమను. ఏ వాసన తేడాగా అనిపించినా, అడుగున ఏ మడ్డి ఉన్నా దాన్ని కడిగే పని పెట్టుకోవద్దు, గాజు తుక్కులో వేసెయ్యాలి. దాని మీద ఎనిమిది చుక్కలున్నా సరే. నీ చేత్తో నువ్వే పగలగొట్టు.

మద్యం బలం ఎంత, ఎన్ని మిల్లీలీటర్లు, బ్యాచ్ నంబరు, హెచ్చరిక, ఎక్సైజ్ వాళ్ళ ముద్ర, ఇవేవీ రంగుతో రాయకు. బ్యాచ్ మారుతుంది, రూల్స్ మారుతాయి, రాత మారదు. అవన్నీ కాగితం లేబుల్ మీద ఉండనీ. ఆ కాగితం కూడా మైదా జిగురుతో అంటించమను, నీళ్ళలో నానితే ఊడొస్తుంది. స్టిక్కర్ అయితే కడిగేవాళ్ళు గోళ్ళతో గీకాలి. సీసా మళ్ళీ నింపుకోవడానికి ఎక్సైజ్ వాళ్ళ అనుమతి ఉందా లేదా అన్నది ఆ యూనిట్ వాళ్ళ పని. అయినా ఆ కాగితం నీ కళ్ళతో చూశాకే కుంచె పట్టు.

ఒక్కో సీసాకి నలభై నిమిషాలని మీ అమ్మతో అన్నావట. మూడొందలకి రెండొందల గంటలు. రోజుకి ఎనిమిది గంటలు తల వంచుకుని కూర్చున్నా ఇరవై ఐదు రోజులు. పాడైనవి, మళ్ళీ వేసినవి, జ్వరం వచ్చిన రోజులు ఇందులో లేవు. నిన్నెవరు తరుముతున్నారు? మొదట యాభై వెయ్యి. వాటిని కొననీ, తాగనీ, తిరిగి రానీ. ఎన్ని వచ్చాయో, ఎలా వచ్చాయో చూశాక మిగతావి. నీ బొమ్మ మరీ బాగుంటే సీసా వెనక్కి రాదు, మనీప్లాంట్ పెట్టుకుంటారు. మీ అత్త కిటికీలో ఐదున్నాయి. అందుకని సీసాకి డిపాజిట్ పెట్టమను. నీలగిరుల్లో 2022 నుంచి ప్రభుత్వ మద్యం దుకాణాల్లో సీసాకి పది రూపాయలు ఎక్కువ తీసుకుని, ఖాళీది తెచ్చిస్తే తిరిగిస్తున్నారు. కొండల్లో, ఏనుగులు తిరిగే అడవిలో గాజు పెంకులు పడకూడదని కోర్టు చెప్పాక మొదలైంది. నీ సీసాకి పది రూపాయలు చాలవు, అది వాళ్ళతో కూర్చుని తేల్చుకో. డబ్బు కంటే నీ చుక్క ఎక్కువ లాగుతుందని నా నమ్మకం. రెండు చుక్కలున్నవాడు మూడో చుక్క కోసం తెస్తాడు. మన పిల్లలు ముగ్గు సగంలో వదిలేస్తే ఊరుకుంటారా?

నీకు గుర్తుందో లేదో. ఆరేళ్ళప్పుడు వేసవి సెలవులకి వచ్చి ఈ షెడ్డులో నా పక్కన పీట వేసుకుని కూర్చునేదానివి. ఒక పనికిరాని సీసా ఇస్తే దాని చుట్టూ వేలితో నీలం రంగు చుక్కలు పెట్టి, "మావయ్యా, దీన్ని కూడా కాల్చు" అన్నావు. కాల్చాను. ఆ రోజు బట్టీలో నీ సీసా ఒక్కటే ఉంది. రాత్రంతా చల్లారనిచ్చాను. పొద్దున నువ్వు తలుపు దగ్గరే నిలబడి "ఇంకెంతసేపు, ఇంకెంతసేపు" అని ప్రాణం తీశావు. అది నా బల్ల మీదే ఉంది, కుంచెలు పెట్టుకుంటున్నాను. ఇరవై ఏళ్ళు దాటినా ఒక్క చుక్క కూడా రాలేదు.

దీంతో పాటు పార్సిల్ పంపుతున్నాను. నా సన్న కుంచెలు మూడు ఉన్నాయి, ఇప్పుడు నా చెయ్యి వణుకుతోంది, నీకే పనికొస్తాయి. పోలరాయిడ్ కళ్ళద్దాలు కూడా పెట్టాను, కొనడం వాయిదా వేస్తావని. అడుగున దళసరి రబ్బరు గ్లవ్స్ నాలుగు జతలున్నాయి. అవి నీకు కాదు. అక్కడ సీసాలు కడిగేవాళ్ళకి ఇవ్వు. వాళ్ళ చేతుల కొలత తెలియక రెండు చిన్నవీ, రెండు పెద్దవీ తీసుకున్నాను. ఏవి సరిపోయాయో అడిగి చెప్పు, మిగతావి పంపిస్తాను.

ఇట్లు,
మీ మావయ్య